రాగి నాణెం మీద అచ్చుతప్పులు



పాఠ్యపుస్తకంలో అచ్చుతప్పు దొరికితే తరగతిలో ఎంత సందడి పుడుతుందో నాకు బాగా తెలుసు. అంతవరకూ కిటికీలోంచి చింతచెట్టు కేసి చూస్తున్న కుర్రవాడు కూడా చటుక్కున లేచి, "మాస్టారూ, ఇక్కడ తప్పు పడిందండీ!" అంటాడు. పుస్తకంలో తప్పు పడితే మళ్ళీ అచ్చు వేసినప్పుడు దిద్దుకుంటారు. మరి డబ్బు మీదే తప్పు పడితే? ఆ నాణెం సంతకు పోతుంది, అంగడికి పోతుంది, చేతులు మారుతుంది. దానిని వెనక్కు పిలిచి దిద్దేవారు ఎవరూ ఉండరు. రెండు వందల ఏళ్ళు గడిచినా తప్పు తప్పుగానే ఉండిపోతుంది.

అలాంటి నాణెం ఒకటి చెబుతాను, వినండి. అది అమెరికా దేశంలో 1801వ సంవత్సరం వేసి కొట్టిన రాగి సెంటు. వంద సెంట్లు ఒక డాలరు. ఈ నాటి అమెరికా సెంటు మన చిన్న బిళ్ళంత ఉంటుంది గాని, ఆ రోజుల్లో సెంటు అంగుళానికి మించిన వెడల్పుతో, అరచేతిలో బరువుగా ఉండేది. బొమ్మ వైపు స్వేచ్ఛాదేవి తల, పైన ఇంగ్లీషులో "లిబర్టీ" అనే మాట, కింద సంవత్సరం. బొరుసు వైపు ఆకుల దండ, దండ నడుమ "వన్ సెంట్" అనీ, చుట్టూ దేశం పేరూ, దండ కింద ముడి దగ్గర 1/100 అనే భిన్నమూ ఉండాలి. సెంటు అంటే డాలరులో నూరో వంతు కదా!

ఈ నాణెం బొరుసు చూడండి. భిన్నం 1/100 కాదు, 1/000 అని ఉంది. ఒకటిని సున్నతో భాగించమంటే మన లెక్కల మాస్టారు ఏమంటారు? అది కుదరని పని అంటారు. కాని అమెరికా టంకశాల ఆ పని చేసేసింది! అంతటితో ఆగలేదు. దండకు కింద రెండు కాడలు ఉండవలసింది, ఒకటే ఉంది. "యునైటెడ్" అనే మాటలో మొదటి అక్షరం "యు" కాకుండా రెండు "ఐ"లు పక్కపక్కన నిలబడ్డట్టు ఉంది. ఒకే ముఖం మీద మూడు తప్పులు! నాణేలు సేకరించేవారు దీనిని "మూడు తప్పుల సెంటు" అనే పిలుస్తారు.

అంత పెద్ద ప్రభుత్వపు టంకశాలలో ఇంత పొరపాటు ఎలా జరిగింది? అది తెలియాలంటే మనం ఆ టంకశాల లోపలికి వెళ్ళాలి.

1792 ఏప్రిల్ 2న చేసిన చట్టం ప్రకారం ఫిలడెల్ఫియా నగరంలో, ఏడవ వీధిలో అమెరికా మొదటి టంకశాల వెలిసింది. దానికి మొదటి అధికారి డేవిడ్ రిటెన్‌హౌస్. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. 1769లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోతూ ఉంటే చూసి లెక్క కట్టినవారిలో ఒకడు. ఆకాశాన్ని కొలిచే పెద్దమనిషి ఉన్నాడు సరే, రాగి ఏదీ? 1792 సెప్టెంబరులో టంకశాల మొదటిసారిగా కొన్న లోహం ఆరు పౌనుల పాత రాగి! పాత బిందెలూ, గిన్నెలూ, ఓడల రేకులూ ఏది దొరికితే అది కరిగించేవారు. రేకు సాగగొట్టే యంత్రాన్ని గుర్రాలు తిప్పేవి. నాణెం కొట్టే ప్రెస్సుకు ఆవిరి లేదు, విద్యుత్తు లేదు. పైన పెద్ద మర, దానికి అడ్డంగా పొడుగాటి చెయ్యి. మనుషులు ఆ చేతిని పట్టుకుని బలంగా తిప్పితే పై అచ్చు దిగి బిళ్ళను నొక్కేది. ఆవిరి ప్రెస్సు వచ్చింది 1836లో.

1793 ఆగస్టు నుండి ఆ ఊళ్ళో పచ్చజ్వరం ప్రబలింది. కొద్ది నెలల్లో దాదాపు అయిదు వేలమంది చనిపోయారు. వారిలో నాణేలకు బొమ్మ చెక్కిన జోసెఫ్ రైట్ ఒకడు. ఆ తరువాత కూడా కొన్నేళ్ళు శరదృతువులో జ్వరం రావడమూ, టంకశాలకు తాళం పడడమూ జరిగేది. అటువంటి రోజుల్లో పని చేసినవారి చేతి తప్పులివి. నవ్వుదాం, తప్పులేదు, వాళ్ళ కష్టం తెలిసి నవ్వుదాం.

ఇప్పుడు అసలు సంగతి. నాణెం మీద తప్పు మూడు చోట్ల పడవచ్చు. అచ్చులో పడవచ్చు, బిళ్ళలో పడవచ్చు, అచ్చు బిళ్ళను కొట్టే క్షణంలో పడవచ్చు. తప్పును చూసి అది ఎక్కడ పుట్టిందో చెప్పగలగడమే ఈ విద్య.

ముందుగా అచ్చు. ఉక్కు దిమ్మ మీద బొమ్మను గుంటగా, తలకిందులు కాదు సుమా, అద్దంలో కనిపించినట్టు ఎడమ కుడిగా చెక్కుతారు. అక్షరాలను మాత్రం చెక్కరు. చివర ఒక్కొక్క అక్షరం ఉన్న ఉక్కు మేకులు ఉంటాయి. పనివాడు ఒక్కొక్క మేకునే దిమ్మ మీద నిలిపి సుత్తితో కొడతాడు. "యునైటెడ్ స్టేట్స్" అనే మాటలన్నీ అతడు కుడి నుండి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. ఒక రోజల్లా అలా కొట్టి చూడండి, మీ పేరు మీకే తప్పుగా వస్తుంది!

1801 నాటి పనివాడు "యు" మేకును తలకిందులుగా పట్టి ఒక దెబ్బ వేశాడు. "యు" తిరగబడితే పైన కమాను పడుతుంది. చూసుకుని నాలుక కరుచుకుని, సరిగా పట్టి మరో దెబ్బ వేశాడు. కింద కూడా వంపు పడింది. పైనా కిందా మూసుకుపోయి రెండు నిలువు గీతలు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. అదే మన రెండు "ఐ"ల కథ. ఇక 1 మేకు తీసుకోవలసినచోట 0 మేకు తీసుకున్నాడు కాబోలు, భిన్నం కింద మూడు సున్నలు పడ్డాయి. ఉక్కు మీద దెబ్బ పడ్డాక చెరిపే రబ్బరు లేదు కదా! అదే ఏడాది మరొక అచ్చులో ఇలాగే 1/000 పడితే, మొదటి సున్న మీదే 1 కొట్టి సర్దారు. ఆ నాణేల మీద ఒకటి వెనుక సున్న తొంగి చూస్తూ ఉంటుంది. అయినా బుద్ధి రాలేదు. 1802 సెంట్లలో మళ్ళీ 1/000 వచ్చింది.

ఇటువంటిదే 1796లో జరిగింది. "లిబర్టీ"లోని "బి" మొదట తిరగబడి పడింది. "బి"కి నిలువు గీత ఎడమ పక్కన ఉంటుంది. తిరగబడితే కుడి పక్కకు వస్తుంది. దాని మీద సరైన "బి" కొట్టేసరికి రెండు పక్కలా నిలువు గీతలు, నడుమ ఒక అడ్డు గీత. చూడబోతే అచ్చంగా "హెచ్"! స్వేచ్ఛ కాస్తా "లిహెర్టీ" అయి కూర్చుంది.

మొదటి నాణేలలోనే మరొక చిత్రం ఉంది. 1793 మార్చిలో మొట్టమొదటి సెంట్లు 36,103 బయటికి వచ్చాయి. బొరుసు మీద పదిహేను కొంకుల గొలుసు ఉంది. అప్పటికి ఆ దేశంలో రాష్ట్రాలు పదిహేను. రాష్ట్రాల ఐకమత్యానికి గుర్తుగా గొలుసు వేశామని వాళ్ళు అనుకున్నారు. బొమ్మ వైపు స్వేచ్ఛ, బొరుసు వైపు సంకెళ్ళా అని జనం ఎత్తిపొడిచారు! కొద్ది వారాలకే గొలుసు తీసేసి ఆకుల దండ పెట్టారు. ఈ గొలుసు సెంట్లలో ఒక అచ్చు మీద దేశం పేరు చివర "అమెరికా" పూర్తిగా లేదు. "అమెరి" అని రాసి ఒక చుక్క పెట్టేశారు, సంచీ మీద పేరు రాస్తూ చోటు చాలక ఆపేసినట్టు. తరువాతి అచ్చులో అదే చోట మాట మొత్తం చక్కగా ఇమిడింది.

నక్షత్రాలు లెక్కపెట్టడం మీవంటివారికి మంచి పని. మొదటి పదమూడు రాష్ట్రాలకు గుర్తుగా ఆ తరువాతి సెంట్ల మీద పదమూడు నక్షత్రాలు ఉండేవి. 1817లో ఒక అచ్చు మీద మాత్రం పదిహేను పడ్డాయి. 1828లో అర సెంటు అచ్చు ఒకదాని మీద పన్నెండే పడ్డాయి. చేతిలోకి తీసుకున్నవారిలో ఎందరు లెక్కపెట్టి ఉంటారంటారు?

సంవత్సరాల మీద సంవత్సరాలు కూడా కనిపిస్తాయి. 1799 లోని చివరి తొమ్మిది కింద ఎనిమిది. 1807 లోని ఏడు కింద ఆరు. దీనిని కూడా తప్పుల జాబితాలో వేస్తారు గాని నాకు మనసొప్పదు. ఉక్కు దిమ్మ ఖరీదైనది. దానిని చెక్కి, కాల్చి, గట్టిపరిచేలోపు పగిలిపోయేవి ఎన్నో. ఏడాది మారిందని మంచి అచ్చును పారేస్తారా? పాత అంకె మీద కొత్త అంకె కొట్టి వాడుకున్నారు. మన ఇళ్ళల్లో అన్న లాగు తమ్ముడికి కుదించినట్టే. అది పొదుపు, పొరపాటు కాదు.

కాలం గడిచాక సంవత్సరం అంకెలు నాలుగింటినీ కలిపి ఒకే మేకుగా చేశారు. ఇక తప్పు పడదనుకున్నారేమో! 1844లో ఆ మేకునే తలకిందులుగా పట్టి కొట్టారు. మీరు ఒక కాగితం మీద 1844 అని రాసి, కాగితాన్ని తలకిందులు చేసి చూడండి. ఎడమ వైపు నుండి తిరగబడిన 4, మళ్ళీ తిరగబడిన 4, తరువాత 8, చివర 1 వస్తాయి. అంటే సరిగా కొట్టిన 44 కింద 81 ఛాయ మిగులుతుంది. ఆ సెంటు మీద నిజంగా అదే ఉంది.

అచ్చులో పుట్టిన తప్పుకు ఒక లక్షణం ఉంది. అచ్చు ఒకటి, దాని నుండి పుట్టే నాణేలు వేలు. కాబట్టి అచ్చులో తప్పు ఉంటే ఆ అచ్చు బిడ్డలన్నిటికీ అదే తప్పు, అదే చోట, అదే కొలతలో ఉండాలి. పుట్టుమచ్చ వంటిది కాదు; ఒక ఇంటివారందరికీ ఒకే ముక్కు ఉన్నట్టు. దీనిని బాగా గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

అచ్చు వాడగా వాడగా బీట వారుతుంది. బీటలోకి కూడా రాగి చొరబడుతుంది. కాబట్టి అచ్చు బీట నాణెం మీద ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. నాణెం బజారులో పడి గీసుకుంటే ఆ గీత లోతుగా ఉంటుంది. ఉబ్బెత్తు అయితే టంకశాల పని, లోతు అయితే చాలావరకు లోకం పని. ఈ ఒక్క ముక్కతో సగం నాణేల జాతకం చెప్పవచ్చు. 1804 నాటి అర సెంటు ఒకదానిలో స్వేచ్ఛాదేవి గడ్డానికి ముల్లు మొలిచినట్టు ఉంటుంది. అచ్చు మీద ఏదో గట్టి వస్తువు పడి గుంట చేసింది. ఆ గుంట నాణెం మీద ముల్లయింది. ముల్లు ఉన్న నాణేలు బోలెడు దొరుకుతాయి గనుక అది అచ్చు గాయమని నిశ్చయంగా చెప్పగలం.

రెండవది బిళ్ళ. రాగి రేకును ముందుకు జరుపుతూ గుండ్రటి కత్తెరతో బిళ్ళలు కోస్తారు. మీ అమ్మ అప్పచ్చుల పిండిని పరిచి గిన్నె మూతతో గుండ్రంగా కోయడం చూశారు కదా? మూతను పాత కంత మీదికి కొంచెం జరిపి పెడితే అప్పచ్చికి నెలవంకలాగా ఒక పక్క కొరికినట్టు అవుతుంది. రాగి బిళ్ళకూ అంతే. అయితే తరువాత ఎవరో కత్తిరించిన నాణేన్ని కూడా కొందరు టంకశాల తప్పని అమ్ముతారు. కొరుకు పక్కనున్న అక్షరాలను చూడండి. బిళ్ళ ముందే కొరుకు పడి ఉంటే, ప్రెస్సు కింద రాగి ఆ ఖాళీ వైపు జారుతుంది గనుక అక్షరాలు సాగి పలుచబడతాయి. తరువాత కత్తిరిస్తే అక్షరం కత్తితో తెగినట్టు ఠక్కున ఆగిపోతుంది.

బిళ్ళల కథలో మన దేశపు పేరు కూడా వస్తుంది. న్యూయార్కులో టాల్బట్, అల్లమ్, లీ అనే వర్తకులు ఉండేవారు. వారు ఇండియాతో ఓడ వర్తకం చేసేవారు. 1794, 1795 సంవత్సరాలు వేసి ఓడ బొమ్మతో తమ సొంత రాగి బిళ్ళలు చేయించుకున్నారు. రాగి కరువులో ఉన్న టంకశాల వాటిని కొని, చిన్నవిగా కోసి, అర సెంట్లు కొట్టింది. కొన్ని 1795 అర సెంట్లను భూతద్దం కింద వంచి చూస్తే స్వేచ్ఛాదేవి జుట్టులోనో దండ ఆకుల నడుమనో ఆ పాత బిళ్ళ మీది గీతలూ అక్షరాలూ లీలగా కనిపిస్తాయి. ఈ జాడ రెండు నాణేల మీద ఒకే చోట ఉండదు. ఎందుచేతనంటే ఒక్కొక్క బిళ్ళ ఒక్కొక్క వాటంగా తెగింది.

తరువాతి కాలంలో టంకశాలకు మంచి బిళ్ళలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి, మాథ్యూ బౌల్టన్ కర్మాగారం నుండి వచ్చేవి. తమాషా ఏమిటంటే, ఆ బౌల్టన్ కర్మాగారమే 1794లోనూ 1797లోనూ ఈస్టిండియా కంపెనీ కోసం మన ఉత్తర సర్కారులకు రాగి నాణేలు కొట్టి పంపింది. వాటి మీద "నలభై ఎనిమిది అయితే ఒక రూపాయి" అని ఇంగ్లీషులో ఉంటుంది. అంటే శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సంతలలో తిరిగిన రాగీ, ఫిలడెల్ఫియా అంగళ్ళలో తిరిగిన రాగీ ఒక ఇంటి బిడ్డలే. 1812లో ఇంగ్లండుకూ అమెరికాకూ యుద్ధం వచ్చి ఆ బిళ్ళల ఓడలు ఆగిపోయాయి. అందుకే 1793 నుండి 1857 వరకూ ఏటేటా ఉన్న ఆ పెద్ద సెంట్లలో 1815 సంవత్సరం వేసినది మాత్రం లేదు. ఎవరైనా 1815 సెంటు చూపిస్తే నమస్కారం పెట్టి లేచి రండి.

మూడవది కొట్టే క్షణం. బిళ్ళ సరిగా నడుమ కూర్చోకపోతే బొమ్మ సగం పక్కకు పోతుంది. కొట్టిన నాణేన్ని తీయకుండానే మళ్ళీ కొడితే రెండు తలలు పడతాయి. అన్నిటికన్నా వింతైనది మరొకటి ఉంది. అప్పుడే కొట్టిన నాణెం పై అచ్చుకు అంటుకుపోయింది. చూసుకోకుండా కొత్త బిళ్ళ పెట్టి కొట్టారు. అప్పుడు ఆ బిళ్ళకు ఒక పక్క మామూలు బొమ్మ పడుతుంది. రెండో పక్క అంటుకున్న నాణెం ముద్ర గుంటగా, అద్దంలో అక్షరాల్లా ఎడమ కుడిగా పడుతుంది. ఇటువంటి తప్పు ఆ ఒక్క నాణేనికే సొంతం. ఒక్క అక్షరమే రెండుగా ఉంటే అచ్చు తప్పు. బొమ్మ, మాటలు, అంకెలు అన్నీ కలిసి రెండయితే ప్రెస్సు తప్పు అని గుర్తు పెట్టుకోవచ్చు.

ఈ పరీక్షలకు ఏం కావాలి? ఒక భూతద్దం, ఒక దీపం, ఓపిక. దీపాన్ని నెత్తి మీద కాకుండా పక్కన, నాణేనికి దాదాపు సమానమైన ఎత్తులో పెట్టండి. పొద్దు వాలినప్పుడు పొలంలో గట్ల నీడలు పొడుగ్గా పడినట్టు, నాణెం మీద చిన్న ఉబ్బుకు కూడా నీడ పడి కనిపిస్తుంది. నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. పాత రాగి నాణెం ఏది దొరికినా దాన్ని మాత్రం తోమకండి! మన ఇళ్ళల్లో రాగి చెంబును చింతపండుతో తళతళా తోముతాం. నాణేన్ని అలా తోమితే దాని చర్మం ఒలిచినట్టే. రెండు వందల ఏళ్ళ రంగు ఒక్క నిమిషంలో పోతుంది, మళ్ళీ రాదు.

ఇంత సూక్ష్మంగా చూసి ఏం లాభమని పెద్దవారెవరైనా అడగవచ్చు. చెబుతాను.

ఫిలడెల్ఫియాలో జోసెఫ్ మిక్లీ అనే ఆయన ఉండేవాడు. పియానోలూ వయొలిన్లూ బాగుచేయడం ఆయన వృత్తి. ఆయన 1799లో పుట్టాడు. కుర్రతనంలో తన పుట్టిన ఏటి సెంటు ఒకటి దాచుకోవాలని ముచ్చటపడ్డాడు. ఎంత వెతికినా దొరకదే! 1799 సెంటు అన్ని సంవత్సరాలలోకీ అరుదైనదని అతడికి అప్పుడు తెలియదు. ఆ వెతుకులాటలోనే అతడు తన దేశంలో పేరుపొందిన నాణేల సేకర్త అయ్యాడు.

అరుదైనది అనగానే మోసగాళ్ళు లేస్తారు కదా. 1798 సెంట్లు కావలసినన్ని ఉన్నాయి. చివరి ఎనిమిదిని గీకి తొమ్మిది చేస్తే సరి! అలా చేసిన నాణేలు చాలా ఉన్నాయి. వాటిని పట్టేదెలా? ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇప్పుడు తీయండి. 1799 సెంట్లకు అచ్చుల జతలు రెండే రకాలు. ఆ రెండింటిలో "లిబర్టీ" అక్షరాలు ఎక్కడున్నాయో, ఏ అక్షరం జుట్టుకు ఎంత దూరమో అన్నీ తెలుసు. మోసగాడు తొమ్మిదిని ఎంత చక్కగా దిద్దినా, మిగతా అక్షరాలన్నీ 1798 ఇంటివే. ముక్కు చూసి ఇల్లు చెప్పేయవచ్చు.

1804 సెంటుది మరో కథ. అది కూడా అరుదైనదే. టంకశాల పాత ఇనుము కింద అమ్మేసిన అచ్చులు ఎవరి చేతిలోనో పడ్డాయి. 1860 ప్రాంతంలో 1803 అచ్చులోని అంకెను 1804గా మార్చి, బొరుసుకు 1820 నాటి అచ్చును జత చేసి నాణేలు కొట్టారు. 1804 నాటి బొరుసు మీద 1/100 ఉండాలి. 1820 నాటికి ఆ భిన్నమే తీసేశారు. కాబట్టి భిన్నం లేని 1804 సెంటును మీరు కూడా పట్టేయగలరు, చేతికర్ర ఊతం లేకుండా!

ఈ మధ్య సంవత్సరాలలో మోసం ఇంకా ముదిరింది. అసలు నాణెం ఒకటి తెచ్చి దాని నుండే అచ్చు తీసి కొడుతున్నారు. అక్షరాలు సరిపోతాయి, కొలతలు సరిపోతాయి. అయినా దొరికిపోయారు. ఎలాగంటే, ఆ అసలు నాణేనికి ఎప్పుడో బజారులో తగిలిన చిన్న నొక్కు కూడా అచ్చులోకి వచ్చేసింది. ఆ నొక్కు అదే చోట మరో నాణెం మీద, ఇంకో నాణెం మీద కనబడింది. అక్షరం తప్పు ఇంటివారందరికీ ఉంటుంది. దెబ్బ మచ్చ ఒక్కడికే ఉంటుంది. ఒకే చోట ఒకే మచ్చతో ముగ్గురు మనుషులు ఎదురైతే మీరు ఏమనుకుంటారు?

ఆఖరుగా ఒక విచారకరమైన సంగతి. దీనిని దాచి చెప్పడం నాకిష్టం లేదు. విలియం షెల్డన్ అనే పండితుడు 1949లో "అర్లీ అమెరికన్ సెంట్స్" అనే పుస్తకం రాశాడు. 1793 నుండి 1814 వరకూ వచ్చిన పెద్ద సెంట్ల అచ్చులన్నిటికీ అంకెలు ఇచ్చాడు. మన మూడు తప్పుల సెంటు ఆ లెక్కలో 219వది. నాణెం ఎంత బాగా ఉందో చెప్పడానికి ఒకటి నుండి డెబ్భై వరకు మార్కులు వేయడం కూడా ఆయన పెట్టిందే. ఈ నాటికీ ఆ మార్కులే నడుస్తున్నాయి. వేలమందికి చూడడం నేర్పిన మనిషి ఆయన.

న్యూయార్కులో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అని నాణేల శాస్త్రానికి పెద్ద సంస్థ ఉంది. జార్జి క్లాప్ అనే దాత తన సెంట్లన్నీ దానికి ఇచ్చాడు. పండితుడు కదా అని షెల్డన్‌ను వాటి దగ్గర కూర్చుని పని చేసుకోనిచ్చారు. ఆయన మంచి నాణెం తీసుకుని, దాని స్థానంలో అదే అంకె గల తన అరిగిన నాణెం పెట్టి పోయాడు. పెట్టెలో లెక్క సరిపోయేది, రకమూ సరిపోయేది. ఇలా 129 నాణేలు మారాయని సంస్థ తేల్చింది. ఎలా తేలింది? క్లాప్ నాణేలకు పాత ఫోటోలు ఉన్నాయి. ఫోటోలోని నాణెం మీద ఒక నొక్కు, ఒక మచ్చ, ఒక గీత. అవే నొక్కూ, మచ్చా, గీతా షెల్డన్ దగ్గర కొన్నవారి పెట్టెల్లోని నాణేల మీద ఉన్నాయి. ఆయన 1977లో మరణించాడు. 1990 తరువాత వ్యవహారం కోర్టుకు ఎక్కి, తీర్పు సంస్థ పక్షాన వచ్చింది. కొన్ని నాణేలు తిరిగి న్యూయార్కు చేరాయి.

సెలవు తీసుకునే ముందు మీకొక చిన్న పని. 1844లో తలకిందులైన ఆ సంవత్సరపు మేకు కథ చెప్పాను కదా? 1851లోనూ సరిగ్గా అదే పొరపాటు జరిగింది. ఆ సెంటు మీద 51 కింద ఏ అంకెల ఛాయ ఉండాలో కాగితం మీద రాసి, తిప్పి చూసి, మీ తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ అడగండి.